పల్లెలో సైగల ఇంటర్‌ప్రెటర్‌గా ఉన్న మనిషిని సర్టిఫికెట్ దాకా నడిపించడం ఎలా

ఇది భవిత కేంద్రాల (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే కేంద్రాలు) టీచర్ల కోసం, గ్రామ సచివాలయాల్లో సంక్షేమ పనులు చూసేవాళ్ళ కోసం, జిల్లా బధిర సంఘాల కార్యదర్శుల కోసం, చిన్న చిన్న స్వచ్ఛంద సంస్థల కోసం రాస్తున్నాను. మీ మండలంలో పదిమంది బధిరులుంటే వాళ్ళ తరఫున మాట్లాడిపెట్టే మనిషి కూడా ఒకరుంటారు. ఎక్కువసార్లు ఆడమనిషే. బధిర తల్లిదండ్రుల కూతురో, బధిర తమ్ముడున్న అక్కో అయి ఉంటుంది. వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం క్యాంపుకు ఆమెనే వెంటబెట్టుకెళ్తారు. బ్యాంకులో కేవైసీకి ఆమే, ఊళ్ళో పంచాయితీకి ఆమే, పెళ్ళిచూపులకూ ఆమే. ఇంత చేసినా ఆమె దగ్గర కాగితం ముక్క ఉండదు. చేతిలో పెట్టేది ఆటో కిరాయి, మహా అయితే ఓ టీ.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వినికిడి లోపం ఉన్నవాళ్ళు 50 లక్షల పైనే. ఈ రంగంలోని కోర్సులను, నిపుణులను గుర్తించే భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ దగ్గర పేరు నమోదైన ఇంటర్‌ప్రెటర్లు ఆ లెక్క ముందు ఏ మూలకూ చాలరు. ఆ కొద్దిమందిలోనూ ఎక్కువమంది నగరాల్లోనే పనిచేస్తున్నారు. బయటి నుంచి ఎవరో వస్తారని కూర్చోవడం కన్నా ఉన్న మనిషిని తయారు చేసుకోవడం మేలు.

అయితే చాలామంది దరఖాస్తు ఫారంతో మొదలుపెడతారు. నా లెక్కలో అది తలకిందుల పని. ముందు ఆమెను తన ఇంటి బయటి బధిరుల మధ్యకు పంపాలి. కాగితాల పని దాని పక్కనే నడుస్తుంది.

ముందు ఆమె దగ్గర ఏ భాష ఉందో చూడండి

బడికి వెళ్ళని బధిరులున్న ఇంట్లో ఆ ఇంటివాళ్ళు కల్పించుకున్న సైగలుంటాయి. మీసం దువ్వితే నాన్న, ముక్కుపుడక చూపిస్తే అత్త, వీధి చివర వైపు చెయ్యి ఊపితే కిరాణా కొట్టు. ఆ ఇంటివరకు అది చక్కగా సరిపోతుంది. పక్క జిల్లా బధిరుడి ముందు పెడితే మాత్రం సగం అర్థం కాదు. భారతీయ సంజ్ఞా భాష, అంటే ఐఎస్ఎల్, వేరే సంగతి. దానికి సొంత పదజాలం, సొంత వ్యాకరణం ఉన్నాయి. ఊరూరికీ కొన్ని పదాలు మారినా వాక్యం కట్టే పద్ధతి దేశమంతా దాదాపు ఒకటే. సర్టిఫికెట్ ఇచ్చేది ఈ భాషకే.

పరీక్షించడం కష్టమేమీ కాదు. ఆమెకు పరిచయం లేని, బధిర పాఠశాలలో చదువుకున్న పెద్దమనిషి ఒకరిని కూర్చోబెట్టండి. ఎదురుగా కుదరకపోతే వాట్సాప్ వీడియో కాల్ చాలు. ఆయనను తన ఉద్యోగం గురించో, కిందటి ఏడాది చేసిన ప్రయాణం గురించో మూడు నిమిషాలు చెప్పమనండి. అయ్యాక ఆమె మీకు తెలుగులో చెప్పాలి. తర్వాత మీరు తెలుగులో చెప్పిన సంగతిని ఆమె ఆయనకు సైగల్లో చెప్పాలి. ఆయన ఏం అర్థం చేసుకున్నారో కాగితం మీద రాసివ్వమనండి. ఎంత అందింది, ఎంత జారిపోయిందో అక్కడే తేలిపోతుంది.

చూసేటప్పుడు చేతులొక్కటే చూడకండి. "రేపు నువ్వు గుంటూరు వెళ్తావా?" అని అడిగేటప్పుడు ఐఎస్ఎల్‌లో కాలం ముందు వస్తుంది, పని చివర వస్తుంది, ప్రశ్న మాత్రం ముఖం మీద ఉంటుంది. కనుబొమలు పైకి లేవాలి, తల కొంచెం ముందుకు రావాలి. ముఖం కదలకపోతే అది ప్రశ్న కాదు, మామూలు వాక్యం. "ఏమిటి, ఎక్కడ" లాంటి ప్రశ్నపదాలు వాక్యం చివర్లో పడతాయి. "కాదు, లేదు" కూడా చివరికే వస్తాయి, వాటితో పాటు తల అడ్డంగా ఊగుతుంది. కర్త, కర్మ, క్రియ వరుస తెలుగు లాంటిదే కాబట్టి మనవాళ్ళకు ఇది కాస్త కలిసొస్తుంది. వేళ్ళతో అక్షరాలు చూపడం మాత్రం చాలామందికి రాదు. ఐఎస్ఎల్‌లో ఇంగ్లీషు అక్షరాలను రెండు చేతులతో చూపిస్తారు. మనుషుల పేర్లు, మందుల పేర్లు, అడ్రసులు వచ్చినప్పుడు అది లేకుండా పని జరగదు.

ఒక హెచ్చరిక. "నీ సైగలు తప్పు" అని ఆమెతో ఎవరినీ అననివ్వకండి. ఎప్పుడూ బడి మొహం చూడని అరవై ఏళ్ళ బధిరుడు పింఛను ఆగిపోయి ఆఫీసుకు వస్తే, ఢిల్లీలో చదివొచ్చిన ఇంటర్‌ప్రెటర్ కూడా ఆయన ముందు చేతులెత్తేయొచ్చు. ఆయన సంగతి అర్థమయ్యేది ఈమెకే. ఐఎస్ఎల్ నేర్చుకోవడం ఆ నైపుణ్యాన్ని చెరిపేయకూడదు, దానికి అదనంగా చేరాలి.

బధిరుల మధ్య కూర్చోబెట్టండి

జిల్లా కేంద్రాల్లోని బధిర సంఘాల సమావేశాలు, ఆటల పోటీలు, సెప్టెంబరు 23న జరిగే సంజ్ఞా భాషల దినోత్సవం, వీటన్నిటికీ ఆమె వెళ్ళాలి. ఊరికే వెళ్ళాలి, ఎవరికీ సహాయంగా కాదు. ఇది చెప్పినంత తేలిక కాదు. ఆమె అడుగుపెట్టగానే "అమ్మా, ఈ ఫారం కాస్త చూడు" అని నలుగురు చుట్టుముడతారు. అప్పుడు ఆమె మళ్ళీ సేవలో పడిపోతుంది, నేర్చుకోవడం ఆగిపోతుంది. మొదటి కొన్ని నెలలు ఆమెను చూడనివ్వమని, ఇతర పనులు చెప్పొద్దని కార్యదర్శితో ముందే మాట్లాడుకోండి. ఆ గంటల్లో ఆమె నోరు కూడా మూసే ఉండాలి. సైగ చేస్తూ తెలుగు మాట్లాడితే చేతులు తెలుగు వాక్యం వెంట పరిగెడతాయి, ఐఎస్ఎల్ వాక్యం కట్టవు.

చుట్టుపక్కల బాపట్ల బధిరుల కళాశాలలోనో, హైదరాబాద్ మలక్‌పేట బధిర పాఠశాలలోనో చదివినవాళ్ళు ఎవరో ఒకరు దొరుకుతారు. వారానికి రెండు గంటలు నేర్పమని అడగండి, ఫీజు ఇవ్వండి. సైగలు బధిరుల సొంత భాష కదా అని ఉచితంగా చెప్పించుకోవడం నాకు నచ్చదు. స్పోకెన్ ఇంగ్లీష్ మాస్టారికి డబ్బిచ్చి చేరతాం కదా. బధిరులను ఐఎస్ఎల్ టీచర్లుగా తయారు చేయడానికి ఆర్‌సీఐ గుర్తింపుతో రెండేళ్ళ డిప్లొమా కూడా ఉంది. ఆ చదువు చదివినవాళ్ళు దగ్గర్లో దొరికితే అదృష్టమే.

రోజూ చూడటానికి ఫోన్ చాలు. ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాష పరిశోధన శిక్షణ కేంద్రం 2015లో ఏర్పడింది. దాన్ని ఐఎస్ఎల్ఆర్‌టీసీ అంటారు. 2018లో 3,000 పదాలతో నిఘంటువు మొదలుపెట్టి, 2021 నాటికి 10,000 పదాలకు తెచ్చింది. వీడియోలన్నీ ఉచితం. 2022లో వచ్చిన సైన్ లర్న్ అనే యాప్ కూడా వాళ్ళదే. పాఠ్యపుస్తకాలను సైగల్లోకి మార్చేందుకు ఎన్‌సీఈఆర్‌టీతో 2020లో ఒప్పందం జరిగింది. ఆ పాఠాలను టీవీలో పీఎం ఈ-విద్య 31వ ఛానల్ చూపిస్తోంది. నిఘంటువు ముందు కూర్చుని రోజుకు యాభై పదాలు బట్టీ పట్టమని మాత్రం చెప్పకండి. ఆ వారం ఆమెకు ఎదురైన విషయంలోవే, అంటే బ్యాంకు పదాలు, ఆసుపత్రి పదాలు, భూమి కాగితాల పదాలు వెతికి చూసుకుని, బధిర మాస్టారికి చూపించి సరిచేయించుకుంటే మనసులో నిలుస్తాయి.

చదువు కాగితాలు ఇప్పుడే మొదలుపెట్టండి

అందరూ ఇరుక్కునేది ఇక్కడే. సైగల్లో దిట్ట అయిన మనిషి పదో తరగతి దగ్గరే ఆగిపోయి ఉంటుంది. ఇంటర్‌ప్రెటర్ డిప్లొమాకు ఇంటర్ లేదా దానికి సమానమైన చదువు కావాలి. ఆంధ్రప్రదేశ్ ఓపెన్ స్కూల్, తెలంగాణ ఓపెన్ స్కూల్, జాతీయ స్థాయిలో ఎన్‌ఐఓఎస్, ఈ మూడింటిలోనూ ఇంటి దగ్గర ఉండి చదువుకోవచ్చు. ఇంకా పది కూడా కానివాళ్ళకు ఎన్‌ఐఓఎస్‌లో ఓ మంచి వీలుంది. పదో తరగతి స్థాయిలో భారతీయ సంజ్ఞా భాషనే ఒక సబ్జెక్టుగా తీసుకోవచ్చు. ఇంటర్‌లో కనీసం ఎంత శాతం రావాలి, ఏ వర్గానికి ఎంత సడలింపు అనేవి ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసి, ఆ లక్ష్యంతోనే చదివించండి. బొటాబొటిగా పాసైతే తర్వాత మళ్ళీ రాయాల్సి రావచ్చు.

పేర్ల సంగతి ఈ రోజే సరిచూడండి. పదో తరగతి మెమోలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, బ్యాంకు ఖాతాలో ఇంటిపేరు ఊసే లేకుండా ఒట్టి అక్షరం. మన ఆడపిల్లల్లో సగం మంది కాగితాలు ఇలాగే ఉంటాయి. మెమోలో ఎలా ఉంటే మిగతావన్నీ అలా మార్పించడం సుఖం. అడ్మిషన్ చివరి తేదీ ముందు రోజు ఆధార్ సెంటర్ దగ్గర క్యూలో నిలబడి టెన్షన్ పడటం కన్నా ఇప్పుడు ఒక పూట పోగొట్టుకోవడం మంచిది.

ఏ తలుపు తట్టాలి

ప్రస్తుతం ఉన్న దారులు రెండు.

ఒకటి, భారతీయ సంజ్ఞా భాష ఇంటర్‌ప్రెటేషన్ డిప్లొమా. పిలిచే పేరు డిస్లీ. రెండేళ్ళు, రోజూ క్లాసుకు వెళ్ళి చదవాలి, ఆర్‌సీఐ గుర్తింపు ఉంటుంది. ఢిల్లీలో ఐఎస్ఎల్ఆర్‌టీసీ, ముంబైలో వినికిడి, మాట లోపాల మీద పనిచేసే ఆలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ, కోయంబత్తూరులో రామకృష్ణ మిషన్ వివేకానంద విద్యాసంస్థ ఈ కోర్సు నడిపిన చోట్లు. ఆలీ యావర్ జంగ్ సంస్థకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. మనవాళ్ళకు అన్నిటికన్నా దగ్గర అదే కాబట్టి ముందు అక్కడికి వెళ్ళి ఈ ఏడాది డిస్లీ బ్యాచ్ ఉందో లేదో కనుక్కోండి. ఫోన్ కన్నా స్వయంగా వెళ్ళడం నయం, ఆమెనూ తీసుకెళ్ళండి. క్లాసులో కాసేపు కూర్చోనిస్తే అదే ఆమెకు సగం ధైర్యం.

రెండోది పాత అనుభవానికి గుర్తింపు. దీన్ని ఆర్‌పీఎల్ అంటారు. బధిర తల్లిదండ్రుల పిల్లలను కోడా అని, బధిరుల తోబుట్టువులను సోడా అని పిలవడం ఈ రంగంలో వాడుక. (తాగే సోడా కాదు, ఫారంలో ఆ మాట చూసి కంగారు పడకండి.) పుట్టిన దగ్గర్నుంచి సైగల మధ్య పెరిగిన వీళ్ళ కోసం ఐఎస్ఎల్ఆర్‌టీసీ నైపుణ్య పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తుంది. రెండేళ్ళు ఇల్లు వదలలేని మనిషికి ఇది వరం లాంటిది. కానీ ఇంటి సైగలతో వెళ్ళి కూర్చుంటే గట్టెక్కదు. పరీక్ష పెట్టేవాళ్ళు చూసేది ఐఎస్ఎల్‌నీ, అటూ ఇటూ మాట మార్చే నేర్పునీ. ముందు బధిరుల మధ్యకు పంపమన్నది ఇందుకే. బధిరుడి భార్య, పక్కింటి స్నేహితురాలు, బడి టీచరు ఎంత బాగా సైగలు చేసినా ఈ దారి వాళ్ళది కాదు, వాళ్ళు డిప్లొమా చదవాలి. ఎప్పుడు పరీక్ష, ఎంత వయసు, ఎంత చదువు, పాసయ్యాక ఆర్‌సీఐ నమోదు ఎలా అనేవి ఆ ఏటి ప్రకటనలో పూర్తిగా చదవండి. ఐఎస్ఎల్ఆర్‌టీసీ, ఆర్‌సీఐ వెబ్‌సైట్లను నెలకోసారి చూసే పని మీలో ఒకరు తీసుకోండి. ఆమెకు వదిలేస్తే పొలం పనుల్లో తేదీ దాటిపోతుంది.

ఈ రెండూ కాక నెట్‌లో తిరిగే "నెల రోజుల్లో సర్టిఫైడ్ ఇంటర్‌ప్రెటర్" లాంటివి ఉన్నాయి. నేర్చుకోవడానికి వాటిలో కొన్ని బాగానే ఉండొచ్చు. ఐఎస్ఎల్ఆర్‌టీసీ వారి ప్రాథమిక ఆన్‌లైన్ కోర్సు కూడా మంచిదే. వీటిలో ఏదీ ఇంటర్‌ప్రెటర్ అర్హత కాదు. డబ్బు కట్టే ముందు ఆ సంస్థ పేరు, ఆ కోర్సు పేరు, ఆ విద్యా సంవత్సరం, మూడూ ఆర్‌సీఐ ఆమోదించిన జాబితాలో కలిపి ఉన్నాయా అని చూడండి. సంస్థకు వేరే కోర్సుకు అనుమతి ఉండి, దీనికి లేకపోవచ్చు.

ఎదురుచూసే నెలల్లో సాధన

పల్లెలో మధ్యవర్తిగా పెరిగిన మనిషికి వదిలించుకోవడం కష్టమైన అలవాటు ఒకటుంది. ఉదాహరణకు బ్యాంకు కౌంటర్ దగ్గర చూడండి. క్లర్కు ఆమె వైపు చూసి, "ఈయనకు సంతకం వచ్చా?" అంటాడు. ఆమె వెంటనే "వచ్చండి" అనేస్తుంది. బధిరుడు పక్కన నిలబడి ఇద్దరి మొహాలూ చూస్తుంటాడు. తన గురించి ఏదో నడుస్తోందని తెలుసు, ఏమిటో తెలియదు. సాయం చేశాననే ఆమె అనుకుంటుంది, కానీ అక్కడ జరిగింది ఇంటర్‌ప్రెటింగ్ కాదు. ఆ ప్రశ్నను సైగల్లో ఆయనకే వేయాలి. ఆయన "వచ్చు, కానీ పాత సంతకం గుర్తులేదు" అంటే ఆ మాట యథాతథంగా క్లర్కుకు వినపడాలి. అదీ "నాకు వచ్చు" అని "నేను"లోనే చెప్పాలి, "ఆయనకు వచ్చంట" అని కాదు. నిలబడే చోటు కూడా మారాలి. క్లర్కు పక్కన కొంచెం వెనక్కి నిలబడితే బధిరుడికి ఇద్దరూ ఒకే చూపులో కనపడతారు, క్లర్కు కూడా తప్పక ఆయన మొహం చూసే మాట్లాడతాడు.

దీన్ని మీ ఆఫీసులోనే నాటకంలా ఆడించండి. ఒకరు క్లర్కు, ఒకరు డాక్టరు, నిజమైన బధిరుడు ఒకరు. క్లర్కు వేషం వేసినవాళ్ళు కావాలనే ఆమెతోనే మాట్లాడాలి, మధ్యలో విసుక్కోవాలి, "ఆయనకు చెప్పకు గానీ" అంటూ ఓ మాట అనాలి. ఆ మాటను కూడా ఆమె సైగల్లో చెప్పేయాలి. మొదట్లో అందరూ నవ్వుతారు, నాలుగోసారికి ఆమెకు అలవాటు పడుతుంది.

పరీక్షల్లో ఎక్కువమంది తడబడేది సైగలు చూసి గొంతుతో చెప్పే దగ్గర. తెలుగు విని సైగ చేయడంలో వేగం తన చేతుల్లో ఉంటుంది, చూసి చెప్పేటప్పుడు ఎదుటివాళ్ళ వేగమే వేగం. వారానికి ఒక కొత్త బధిరుడి రెండు నిమిషాల వీడియో తీసుకోండి. మొదటిసారి చూస్తూనే ఆమె తెలుగులో చెప్పాలి, దాన్ని ఫోన్‌లో రికార్డు చేయాలి. తర్వాత ఆ తెలుగును ఎవరైనా రాసి, ఆ వీడియోలోని బధిరుడికే చూపించి "మీరు చెప్పింది ఇదేనా?" అని అడగాలి. తప్పులు గుర్తించే హక్కు ఆయనదే, మనది కాదు.

పెద్ద సభల్లో ఆమెను గంటల తరబడి ఒంటరిగా నిలబెట్టకండి. ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట దాటితే ఎంత నేర్పరికైనా మాటలు జారిపోవడం మొదలవుతుంది. ఇద్దరు మార్చుకుంటూ చేయడం ఈ వృత్తిలో ప్రపంచమంతా ఉన్న పద్ధతి.

పోలీసు స్టేషన్ నుంచి ఫోన్ వస్తే

ఈ భాగాన్ని ఆమెతో కూర్చుని నెమ్మదిగా చదవండి, ఎందుకంటే సర్టిఫికెట్ రాకముందే ఈ ఫోన్ వస్తుంది.

మాట్లాడలేని సాక్షి సైగలతో చెప్పినదాన్ని సాక్ష్యంగానే తీసుకోవాలని, అందుకు ఇంటర్‌ప్రెటర్ లేదా స్పెషల్ ఎడ్యుకేటర్ సాయం తీసుకోవాలని, దాన్ని వీడియో తీయాలని భారతీయ సాక్ష్య అధినియం 125వ సెక్షన్ చెబుతోంది. ఇది 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది, అంతకుముందు పాత సాక్ష్య చట్టం 119వ సెక్షన్ కూడా ఇదే మాట చెప్పేది. పిల్లల మీద లైంగిక నేరాల విషయంలో 2012 నాటి పోక్సో చట్టం 26వ సెక్షన్, వైకల్యం ఉన్న బిడ్డ వాంగ్మూలం తీసుకునేటప్పుడు ఆ బిడ్డ చెప్పే తీరు తెలిసిన వ్యక్తి సాయం కూడా తీసుకోవచ్చంటుంది. అంటే సర్టిఫికెట్ లేని మన అక్కను పిలవడం చట్టానికి విరుద్ధం కాదు. అలాగని పరిగెత్తుకు వెళ్ళిపోవడమూ సరికాదు.

ముందు ఆమె తనను తాను అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆ బిడ్డ సైగలు నాకు నిజంగా అర్థమవుతాయా? నిందితుడు నాకు చుట్టమా, మా వీధివాడా, మాకు అప్పిచ్చినవాడా? ఊళ్ళో ఎవరో ఒకరు చుట్టం కాకుండా ఉండరు, అందుకే ఈ ప్రశ్న తప్పదు. 2020 పోక్సో నిబంధనల ప్రకారం ఇంటర్‌ప్రెటర్ పక్షపాతం లేకుండా ఉండాలి, అలాంటి సంబంధం ఏదైనా ఉంటే బయటపెట్టాలి, ఏదీ కలపకుండా, ఏదీ వదలకుండా చెప్పాలి. సంబంధం ఉంటే ఆ సంగతి మొదటే అధికారికి చెప్పి, వేరేవాళ్ళను పిలిపించమనాలి. తన దగ్గర సర్టిఫికెట్ లేదని, ఏ స్థాయి వరకు చేయగలదో కూడా చెప్పి రాయించాలి.

ఇక ఆ గదిలో జరిగే అసలు చిక్కు. పోలీసు అధికారి "నిన్ను ఎక్కడ ముట్టుకున్నాడు?" అని అడుగుతాడు. ఇంటి సైగల్లో "ఎక్కడ" అనే సైగే ఉండకపోవచ్చు. అప్పుడు చెయ్యి దానంతటదే ఒంటి మీద ఒక చోటు చూపించి "ఇక్కడా?" అంటుంది. అంతే, అడిగినవాళ్ళే జవాబు అందించినట్లయింది. రేపు వీడియో చూసిన డిఫెన్స్ లాయరు పట్టుకునేది సరిగ్గా ఆ క్షణాన్నే. ఇలాంటప్పుడు ఆమె ఆగాలి. "సార్, ఈ ప్రశ్నను సూచన ఇవ్వకుండా అడిగే సైగ ఈ పాపకు లేదు, బొమ్మ గానీ పటం గానీ కావాలి" అని గట్టిగా చెప్పాలి. వీలైతే ఇలాంటి కేసుల్లో ఒక బధిర పెద్దను, వినగలిగే ఇంటర్‌ప్రెటర్‌ను జంటగా పెట్టమని అడగాలి. ఇంటి సైగలను ఐఎస్ఎల్‌లోకి ఆ బధిర పెద్ద, ఐఎస్ఎల్‌ను తెలుగులోకి ఈమె మారుస్తారు. ఆపరేషన్ ఒప్పంద పత్రం మీద సంతకం, ఆస్తి రిజిస్ట్రేషన్, విడాకులు, వీటికీ ఇంతే జాగ్రత్త కావాలి. "ఇది నా వల్ల కాదు" అనడం నేర్పించడం శిక్షణలో భాగమే.

విన్నది ఎక్కడా చెప్పకూడదన్న నియమం పల్లెలో ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. ఇంటికి రాగానే అత్తగారు "ఏమన్నాడే ఎస్సై?" అని అడుగుతుంది. ఏం జవాబు చెప్పాలో ముందే అనుకుని ఉంచుకోమనండి. "అది చెప్తే నాకు కేసవుతుంది అత్తా" అన్న మాట బాగా పనిచేస్తుంది.

ఒక ఫైలు పెట్టించండి

రెండు రూపాయల నోటు పుస్తకం కాదు, గట్టి అట్ట ఫైలు. చేసిన ప్రతి పనికీ తేదీ, చోటు, ఎలాంటి పని, ఎన్ని గంటలు, పిలిచిన అధికారి హోదా రాయాలి. బధిరుల పేర్లు, కేసు వివరాలు రాయకూడదు. పని అయ్యాక పిలిచిన ఆఫీసు నుంచి ముద్రతో రెండు లైన్ల లేఖ తీసుకోవాలి. అడిగితే దాదాపు అందరూ ఇస్తారు, అడగడమే మనవాళ్ళకు మొహమాటం.

దీనికి చట్టపరమైన విలువ ఉంది. ప్రతి జిల్లాలో బాలల రక్షణ యూనిట్, అంటే డీసీపీయూ, ఇంటర్‌ప్రెటర్ల రిజిస్టర్ పెట్టాలని పోక్సో నిబంధనలు చెబుతున్నాయి. అందులో చేరాలంటే సైగల ఇంటర్‌ప్రెటర్‌కు ఆర్‌సీఐ గుర్తించిన సంస్థ నుంచో, విశ్వవిద్యాలయం నుంచో అర్హత కావాలి. కానీ రిజిస్టర్ బయటి మనిషిని పిలవాల్సి వచ్చినప్పుడు, అనుభవానికో భాషా నైపుణ్యానికో రుజువు ఉంటే సడలించే వీలు కూడా అదే నిబంధనల్లో ఉంది. ఈ ఫైలే ఆ రుజువు. డిప్లొమా ఇంటర్వ్యూలోనూ, తర్వాత ఉద్యోగానికీ ఇదే పనికొస్తుంది.

డబ్బు సంగతి కూడా ఈ దశలోనే తేల్చుకోవాలి. పింఛను క్యూలో నిలబడ్డ బధిరుడి దగ్గర తీసుకోమని నేను చెప్పను. పిలిచింది ఆఫీసైతే, ఆ ఆఫీసే గౌరవ వేతనం ఇవ్వాలి. మాట ముందే, వీలైతే రాతలో.

ఆ రెండేళ్ళు

డిప్లొమా దారి ఎంచుకుంటే ఇంట్లోవాళ్ళతో మీరూ కూర్చుని మాట్లాడండి. పిల్లలను ఎవరు చూస్తారు, ఆమె తెచ్చే కూలి డబ్బు ఆగితే ఎలా, హాస్టల్ ఉందా, బయట గది తీసుకోవాలా అన్నవి లెక్క వేసి చూపించండి. స్కాలర్‌షిప్ ఈ కోర్సుకు, ఆ రాష్ట్రంలో చదివితే వర్తిస్తుందో లేదో చేరకముందే జిల్లా సంక్షేమ కార్యాలయంలో అడగండి. దాతలు దొరికితే ఫీజు కన్నా నెలవారీ ఖర్చుకు సాయం అడగండి. మధ్యలో మానేసేది ఎక్కువగా ఫీజు కట్టలేక కాదు, ఇంటికి డబ్బు పంపలేక.

భాష ఇంకో గండం. రాష్ట్రం దాటితే క్లాసులో నడిచేది హిందీ, ఇంగ్లీషు. బధిర అధ్యాపకులతో ఆమెకు ఇబ్బంది ఉండదు, పుస్తకం తెరిస్తేనే గుండె జారుతుంది. చేరే ముందు ఆరు నెలలు రోజుకో పేజీ సులువైన ఇంగ్లీషు చదివించి, దాన్ని సైగల్లో చెప్పించండి. రెండు పనులూ ఒకేసారి అవుతాయి.

పాసయ్యాక

సర్టిఫికెట్ చేతికి రాగానే పని అయిపోదు. ఆర్‌సీఐ కేంద్ర పునరావాస రిజిస్టర్‌లో పేరు నమోదు చేయించాలి. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, మార్కుల జాబితాలు, గుర్తింపు కార్డు, ఫోటో, ఫీజు ఉంటే చాలు. 1992 నాటి ఆర్‌సీఐ చట్టం 13వ సెక్షన్ ప్రకారం ఈ రిజిస్టర్‌లో లేనివాళ్ళు పునరావాస నిపుణులుగా ప్రాక్టీసు చేస్తే ఏడాది వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అమ్మ కోసం బ్యాంకులో కూతురు మాట్లాడటం దీని కిందికి రాదు, భయపడక్కర్లేదు. ఐదేళ్ళకోసారి నమోదును పొడిగించుకోవాలి, అందుకు ఆర్‌సీఐ గుర్తించిన సదస్సులకు వెళ్ళి పాయింట్లు తెచ్చుకోవాలి. హాజరు పత్రాలన్నీ అదే ఫైల్లో పెట్టించండి.

నమోదు నంబరు రాగానే ఒక పేజీ లేఖ రాయించండి. పేరు, నంబరు, ఫోన్, ఏ భాషల మధ్య చేయగలదు, ఇంటి సైగల వాళ్ళతో పనిచేసిన అనుభవం, రోజుకు ఎంత తీసుకుంటుంది, ప్రయాణ ఖర్చు విడిగానా. దాన్ని డీసీపీయూకు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు, ఎస్పీ ఆఫీసుకు, జిల్లా దివ్యాంగుల సంక్షేమ అధికారికి, ప్రభుత్వ ఆసుపత్రి సూపరింటెండెంట్‌కు ఇచ్చి, ప్రతి చోటా రెండో కాపీ మీద అందినట్లు ముద్ర వేయించుకోండి. 2023 సెప్టెంబరులో బధిర న్యాయవాది ఒకరు ఇంటర్‌ప్రెటర్ సాయంతో సుప్రీంకోర్టులో వాదించారు. కింది కోర్టుల్లో "అలా కూడా కుదురుతుందా?" అని అడిగేవాళ్ళకు ఈ ఒక్క ఉదాహరణ చాలు.

మూడు నెలలైనా ఎక్కడి నుంచీ ఫోన్ రాకపోతే డీసీపీయూకు సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి. జిల్లా రిజిస్టర్‌లో సైగల ఇంటర్‌ప్రెటర్లు ఎంతమంది, కిందటి ఏడాది ఎన్ని కేసుల్లో పిలిచారు, ఎంత చెల్లించారు అని మూడే ప్రశ్నలు. జిల్లా స్థాయి ఆఫీసుకు ఫీజు పది రూపాయలు, 30 రోజుల్లో జవాబు రావాలి. జవాబులో "ఎవరూ లేరు" అని వస్తే, ఆ కాగితం వెనక ఆమె లేఖ జతచేసి కలెక్టర్ గారి గ్రీవెన్స్‌లో ఇవ్వండి.